టెక్ సందేహాలు: బ్యాండ్ ఉచితంగా ఇచ్చిన పాటలు ఇప్పుడెక్కడ?

ప్రశ్న: సార్, 2010లో నేను వరంగల్ నిట్‌లో చదువుతున్నప్పుడు ఇండియన్ ఓషన్ బ్యాండ్ తమ కొత్త ఆల్బమ్‌ని నెలకో పాట చొప్పున సొంత వెబ్‌సైట్‌లో ఉచితంగా పెట్టింది. అన్నీ డౌన్‌లోడ్ చేసుకున్నాను. ఆ ల్యాప్‌టాప్ ఎప్పుడో పాడైపోయింది. ఇప్పుడు డబ్బు కట్టి ఒక యాప్‌లో వింటున్నాను. నా ప్లేలిస్ట్‌లో కొన్ని పాత పాటలు బూడిద రంగులోకి మారిపోయి, నొక్కినా పలకడం లేదు. అప్పుడు ఊరికే ఇచ్చిన పాటకి ఇప్పుడు నెలనెలా కట్టాల్సి రావడం బాధగా ఉంది. నా పాత ఫైల్స్ మళ్ళీ దొరికే దారి ఏమైనా ఉందా?
– ఒక పాఠకుడు, హన్మకొండ

మీ మెయిల్ చదవగానే నా పాత పాటల ఫోల్డర్ తెరిచాను. ఆ పాటల కోసం నెలనెలా ఎదురుచూసినవాళ్ళలో నేనూ ఒకడిని. అప్పుడు కాజీపేటలో మా ఇంట్లో 256 కేబీపీఎస్ కనెక్షన్ ఉండేది. 5 నిమిషాల పాట 320 కేబీపీఎస్ నాణ్యతలో ఉంటే సుమారు 12 ఎంబీ. అది దిగడానికి ఆరు నిమిషాలకు పైనే పట్టేది. అంటే పాట వినే సమయం కన్నా దించుకునే సమయమే ఎక్కువ. మధ్యలో కరెంటు పోతే మళ్ళీ మొదటి నుంచి. అంత కష్టపడి తెచ్చుకున్నందుకే కావచ్చు, ఆ ఫైల్స్ మీద మమకారం ఇప్పటికీ పోలేదు.

ఆ ఆల్బమ్‌కి ఇంకో బరువు కూడా ఉంది. దాని పేరు '16/330 ఖజూర్ రోడ్'. ఢిల్లీ కరోల్ బాగ్‌లో వాళ్ళు సాధన చేసుకున్న ఇంటి చిరునామా అది. తబలా వాయిస్తూ పాడే అషీమ్ చక్రవర్తి 2009 డిసెంబరు 25న కన్నుమూశారు. మరుసటి ఏడాది ఆయన గొంతుతో ఉన్న పాటలు ఒక్కొక్కటిగా మన ఇళ్ళకు వచ్చాయి. మీరు పోగొట్టుకున్నది మామూలు ఎంపీ3లు కావని నాకు తెలుసు.

ముందు మీ బాధలోని ఒక ముడి విప్పుతాను. బ్యాండ్ ఉచితంగా ఇచ్చిన పాటకి మీరు ఇప్పుడు డబ్బు కట్టడం లేదు. మీరు కట్టేది యాప్‌కి, అందులో ఉన్న లక్షల పాటలు వినడానికి నెల అద్దె. అద్దె ఆగితే వినడం ఆగుతుంది. 2010లో మీ చేతికి వచ్చింది ఫైల్. దాన్ని దాచుకోవడం, పోగొట్టుకోవడం రెండూ మీ చేతిలోనే ఉండేవి. వినడానికి రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి ఈ తేడా మనకి చాలా ఆలస్యంగా, ఏదో ఒక పాట మాయమైన రోజున తెలుస్తుంది.

ఇక బ్యాండ్లు ఇచ్చే తీరు మారుతూ ఉండటం కొత్త సంగతి కాదు. ఇండియన్ ఓషన్‌నే చూడండి. 2000లో వచ్చిన 'కందీసా', 2003 నాటి 'ఝీనీ' టైమ్స్ మ్యూజిక్ లేబుల్ ద్వారా క్యాసెట్లు, సీడీలుగా వచ్చాయి. 2010లో తామే నేరుగా ఉచితంగా ఇచ్చారు. 2014లో అతిథి కళాకారులతో చేసిన 'తందాను' పాటలకు వీడియోలు యూట్యూబ్‌లో పెట్టారు. 2023లో 'తు హై' వచ్చేసరికి అభిమానులు మొదట వెతికేది స్ట్రీమింగ్ యాప్‌లోనే. ఒకే బ్యాండ్, నాలుగు దారులు.

ఇంగ్లండ్ బ్యాండ్ రేడియోహెడ్ 2007 అక్టోబరులో 'ఇన్ రెయిన్‌బోస్'ని తమ సైట్‌లో పెట్టి, ఎంత ఇవ్వాలనిపిస్తే అంత ఇవ్వండి, ఏమీ ఇవ్వకపోయినా ఫర్వాలేదు అన్నది. అప్పుడు లోకమంతా దాని గురించే మాట్లాడింది. కానీ ఆ డౌన్‌లోడ్ డిసెంబరులోనే తీసేశారు, ఆ తర్వాత సీడీ దుకాణాలకు వచ్చింది. అమెరికా బ్యాండ్ గ్రేట్‌ఫుల్ డెడ్ అయితే తమ కచేరీలను అభిమానులే రికార్డు చేసుకుని పంచుకోవడానికి ఎన్నో ఏళ్ళు అనుమతి ఇచ్చింది. వేలకొద్దీ రికార్డింగులు ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఉచిత ఆన్‌లైన్ భాండాగారంలో చేరాయి. 2005 నవంబరులో ఉన్నట్టుండి డౌన్‌లోడ్‌లు ఆగిపోయాయి. అభిమానులు గట్టిగా నిరసన తెలిపాక ప్రేక్షకులు రికార్డు చేసినవి తిరిగి వచ్చాయి, వేదిక దగ్గరి సౌండ్‌బోర్డ్ (మైకుల ధ్వనిని కలిపే మిక్సర్) నుంచి నేరుగా తీసినవి మాత్రం వినడానికే మిగిలాయి. నాకు ఆ బ్యాండ్ మీద కోపం లేదు. పాట వాళ్ళది, ఎలా ఇవ్వాలో వాళ్ళిష్టం. కానీ వాళ్ళు ఇచ్చిన రోజున తీసుకున్న కాపీ మన దగ్గర ఉంటే, తర్వాత వాళ్ళు మనసు మార్చుకున్నా మన పాట మన దగ్గరే ఉంటుంది.

దుకాణాల సంగతీ అంతే. ఫ్లిప్‌కార్ట్ 2012లో 'ఫ్లైట్' పేరుతో ఎంపీ3లు అమ్మడం మొదలుపెట్టి, 2013లో మూసేసింది. అక్కడ కొని ఫైల్ దాచుకున్నవాళ్ళ పాటలు ఇప్పటికీ పలుకుతాయి. 2024లో వింక్ మ్యూజిక్ మూతపడ్డప్పుడు అందులో పాటలు వినేవాళ్ళు ఇంకో యాప్ వెతుక్కోవాల్సి వచ్చింది.

మీ ప్లేలిస్ట్‌లో పాటలు బూడిద రంగులోకి మారడానికి ఎక్కువగా కనిపించే కారణం హక్కుల మార్పు. లేబుల్‌తో ఒప్పందం ముగిసినా, పాటని యాప్‌కి చేర్చే పంపిణీ సంస్థ మారినా, పాత ఎంట్రీ చచ్చిపోతుంది. చాలాసార్లు అదే ఆల్బమ్ కొత్త ఎంట్రీగా మళ్ళీ ఎక్కుతుంది, కానీ మీ ప్లేలిస్ట్ మాత్రం పాతదాన్నే పట్టుకుని ఉంటుంది. అందుకే ముందు బ్యాండ్ పేజీలోకి వెళ్ళి ఆ ఆల్బమ్ ఇంకోసారి కనిపిస్తుందేమో చూడండి. స్పాటిఫై సెట్టింగ్స్‌లో పలకని పాటలను చూపించే ఆప్షన్ ఒకటి ఉంది, దాన్ని ఆన్‌లోనే ఉంచండి. ఆఫ్‌లో ఉంటే పాట పోయిందన్న సంగతి కూడా మీకు తెలియదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ల్యాప్‌టాప్ పాడైందన్నారు. పారేశారా, అటక మీద ఉందా? ఉంటే ఆశ ఉన్నట్టే. 2010 నాటి ల్యాప్‌టాప్‌లో మదర్‌బోర్డ్ పోయినా హార్డ్ డిస్క్ బాగానే ఉండొచ్చు. కింద రెండు స్క్రూలు విప్పితే 2.5 అంగుళాల సాటా డిస్క్ బయటికి వస్తుంది. సాటా నుంచి యూఎస్‌బీకి మార్చే కేబుల్ కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది. దాంతో ఇప్పటి కంప్యూటర్‌కి కలిపితే పెన్ డ్రైవ్‌లా తెరుచుకుంటుంది. డిస్క్ టిక్కు టిక్కుమని శబ్దం చేస్తుంటే మాత్రం మళ్ళీ మళ్ళీ ఆన్ చేయకండి. అలా చేసిన ప్రతిసారీ డేటా మీద ఆశ తగ్గుతుంది. డేటా రికవరీ తెలిసినవాళ్ళకు అప్పగించండి.

ల్యాప్‌టాప్ లేకపోతే పాత ఫోన్లు వెతకండి. ఆ రోజుల్లో పాటలన్నీ 2 జీబీ మెమరీ కార్డుల్లో తిరిగేవి. కార్డు ఖాళీగా కనిపించినా, ఫార్మాట్ చేసి ఉన్నా నిరాశపడకండి. దాని మీద కొత్తగా ఏమీ కాపీ చేయకుండా ఫోటోరెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో వెతకండి. పేరు చూసి ఫోటోలకే అనుకుంటారు, అది ఎంపీ3లనూ వెలికి తీస్తుంది. ఫైళ్ళ పేర్లు పోయి అంకెలతో వస్తాయి. వాటిని మ్యూజిక్‌బ్రెయిన్జ్ పికార్డ్‌లో వేస్తే, పాట ధ్వనిని బట్టి గుర్తుపట్టి పేరు, ఆల్బమ్ తిరిగి రాసిపెడుతుంది. అన్ని పాటలనూ గుర్తుపట్టదు కానీ ఎక్కువ భాగం పని అయిపోతుంది.

అన్నిటికన్నా మంచి దారి మీ హాస్టల్ దోస్తులు. అప్పట్లో నిట్ లాంటి క్యాంపస్‌లలో ల్యాన్ (క్యాంపస్ లోపలి నెట్‌వర్క్) మీద డీసీ ప్లస్ ప్లస్ అనే ఫైళ్ళు పంచుకునే సాఫ్ట్‌వేర్‌తో ఒకరి ఫోల్డర్ ఇంకొకరు తెరిచి పాటలు తీసుకునేవారు. మీ దగ్గర పోయిన ఫైల్ మీ పక్క గదివాడి పాత హార్డ్ డిస్క్‌లో భద్రంగా ఉండే అవకాశం చాలా ఎక్కువ. బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఒక్క మెసేజ్ పెట్టి చూడండి. దొరికితే వాట్సాప్‌లో ఆడియోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపమనండి, అప్పుడు ఫైల్ ఉన్నదున్నట్టు వస్తుంది. పాత వెబ్‌సైట్ల కాపీలు దాచే వేబ్యాక్ మెషీన్ కూడా చూడొచ్చు గానీ, అందులో పేజీలే ఎక్కువ. ఫారం నింపితేనే దిగే ఫైల్స్ అందులో సాధారణంగా ఉండవు.

దొరికాక ఒక కాపీ దగ్గర ఆగకండి. నాకు జరిగింది చెబుతాను. 2013లో నా కంప్యూటర్ కీబోర్డ్ మార్చమని ఒక సర్వీస్ సెంటర్‌కి ఇచ్చాను. కీబోర్డ్‌తో పాటు డిస్క్ కూడా ఫార్మాట్ చేసి ఇచ్చారు. ముందు ఒక్క మాట అడగలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పాటలు మాత్రం మిగిలాయి, ఎందుకంటే మా అన్నయ్య కోసం కారులో వినడానికి ఒక డీవీడీ రాసి ఇచ్చాను. ఇప్పుడు నా ఫోల్డర్ ఇంట్లో ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో, అన్నయ్య ఇంట్లో ఇంకో డిస్క్‌లో, మూడోది క్లౌడ్‌లో ఉంది. ఏడాదికోసారి రెండు డిస్క్‌లూ కలిపి ఫైల్స్ తెరుచుకుంటున్నాయో లేదో చూస్తాను.

ఇంకొక్క మాట. దొరికిన ఎంపీ3ని ఫ్లాక్‌గా (ధ్వనిలో ఏమీ వదలకుండా దాచే ఫైల్ రకం) మారిస్తే నాణ్యత పెరుగుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఎంపీ3 చేసేటప్పుడు వదిలేసిన ధ్వని తిరిగి రాదు, ఫైల్ సైజు పెరగడం తప్ప. ఉన్నదాన్ని ఉన్నట్టే ఉంచండి.

ప్రశ్న: నేను జమ్మికుంట నుంచి రామగుండానికి రోజూ రైల్లో వెళ్తాను. దారిలో సిగ్నల్ సరిగా ఉండదని యాప్‌లో పాటలు డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటాను. అప్పుడప్పుడు అవన్నీ మాయమై మళ్ళీ డౌన్‌లోడ్ చేయమంటోంది. ఫోన్‌లో లోపమా?
– ఒక పాఠకురాలు, జమ్మికుంట

ఫోన్ బాగానే ఉందమ్మా. యాప్‌లో డౌన్‌లోడ్ అంటే తాళం వేసిన కాపీ. తాళం చెవి యాప్ దగ్గరే ఉంటుంది. స్పాటిఫై, యూట్యూబ్ మ్యూజిక్‌లలో 30 రోజులకు ఒక్కసారైనా ఇంటర్నెట్‌కి కలవాలి. చందా ముగిసినా పాటలు పలకవు. స్పాటిఫైలో అయితే 5 ఫోన్లు దాటి ఆరో దాంట్లో డౌన్‌లోడ్ చేస్తే పాత ఫోన్లలో ఒకదాంట్లోవి పోతాయి. మీరు ప్రయాణాలకు ఒక ఫోన్, ఆఫీసుకు ఒక ఫోన్ అని మారుస్తుంటే ఇది కూడా చూసుకోండి. వారానికోసారి ఇంట్లో వైఫై మీద యాప్ తెరిస్తే చాలు. తప్పనిసరిగా కావాల్సిన పది పాటలు కొని, ఎంపీ3లుగా ఫోన్ మెమరీలో వేసుకుని వీఎల్‌సీ అనే ఉచిత ప్లేయర్‌లో వినండి. వాటికి ఏ గడువూ ఉండదు.

ప్రశ్న: మేము ఐదుగురం కలిసి జానపద పాటలు పాడుతున్నాం. కొన్ని పెద్దల నుంచి నేర్చుకున్నవి, కొన్ని మేమే రాసుకున్నవి. ఒక యూట్యూబ్ ఛానెల్ వాళ్ళు పాటకి ఇంత అని ఇస్తామంటున్నారు. ఇచ్చేయాలా, ఉచితంగా మేమే పెట్టుకోవాలా అని టెన్షన్‌గా ఉంది.
– ఒక గాయని, పెద్దపల్లి

మీ ప్రశ్న చూసి చాలా సంతోషించాను. పైన హన్మకొండ పాఠకుడు బాధపడుతున్న నిర్ణయాన్నే మీరిప్పుడు రెండో వైపు నుంచి తీసుకోబోతున్నారు.

మన దగ్గర జానపదం క్యాసెట్ల నుంచి దాదాపు నేరుగా యూట్యూబ్‌లోకి దూకింది. అందుకే చాలామంది కళాకారుల పాటలు ఇంకెవరిదో ఛానెల్‌లో తప్ప ఎక్కడా లేవు. ఆ ఛానెల్ ఆగిపోతే పాటా ఆగిపోతుంది. డబ్బు తీసుకోవద్దని నేను అనను. రికార్డింగ్‌కి, ప్రయాణాలకి ఖర్చులు ఉంటాయి. కానీ సంతకం పెట్టే కాగితం పూర్తిగా చదవండి. మన కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎన్నేళ్ళకో రాయకపోతే 5 ఏళ్ళకే అని లెక్క. ఎక్కడెక్కడ అన్నది రాయకపోతే భారతదేశం వరకే. 'శాశ్వతంగా, ప్రపంచమంతటా' అని ఉంటే దాన్ని తగ్గించమని అడగండి. ఒక ఏడాది తర్వాత మీ సొంత ఛానెల్‌లోనూ పెట్టుకునే వీలు రాయించుకోండి.

పెద్దల నుంచి వచ్చిన పాత పాట ఎవరి సొంతమూ కాదు. అయితే దాన్ని రికార్డు చేసినవాళ్ళకు ఆ రికార్డింగ్ మీద 60 ఏళ్ళ హక్కు ఉంటుంది. అందుకే మీరే రికార్డు చేయించండి. యూట్యూబ్ ఆటోమేటిక్ పరీక్షలో ఒకే పాత పాట పాడిన ఇద్దరి మధ్య క్లెయిమ్‌లు (ఈ పాట మాదే అన్న ఫిర్యాదులు) వస్తుంటాయి. అప్పుడు మీ రికార్డింగ్ అసలు ఫైల్, స్టూడియో బిల్లు చూపించడానికి పనికొస్తాయి. మీరు రాసుకున్న పాటలకైతే రాసినవాళ్ళు, బాణీ కట్టినవాళ్ళు ఐపీఆర్‌ఎస్‌లో సభ్యత్వం తీసుకోండి. 1969 నుంచి ఉన్న సంస్థ అది. పాట వాడకానికి రాయల్టీ వసూలు చేసి సభ్యులకు ఇస్తుంది.

స్టూడియోలో మిక్సింగ్ అయ్యాక ఎంపీ3 ఇచ్చి పంపిస్తే ఒప్పుకోకండి. ధ్వనిని కుదించకుండా ఉంచే 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైల్ అడగండి. ఐదు నిమిషాల పాట 86 ఎంబీ వరకు వస్తుంది, చిన్న పెన్ డ్రైవ్‌లోనే సరిపోతుంది. డప్పు, గొంతు విడివిడి ట్రాకులుగా కూడా తీసుకోండి. ఆ ఫైల్స్ మీ ఐదుగురి ఇళ్ళలోనూ ఒక్కో కాపీ ఉండాలి. ఫోల్డర్ మీద పాట పేరు, తేదీ, పాడినవాళ్ళ పేర్లు, ఎవరి దగ్గర నేర్చుకున్నారో ఆ పెద్దమ్మ లేదా తాత పేరు, ఊరు రాసి పెట్టండి.