కూకట్‌పల్లి ఫ్లాట్ ఉండగా లండన్‌లో ఇల్లు కొంటే: సొలిసిటర్‌ని ముందే ఏం అడగాలి?

ప్రశ్న: ఐదేళ్లుగా లండన్ హారోలో అద్దెకి ఉంటున్నాం. 4 లక్షల పౌండ్లకి ఒక లీజ్‌హోల్డ్ (లీజు ఉన్నన్నేళ్లే మనది) ఫ్లాట్ మాట్లాడుకున్నాం, లీజు ఇంకా 84 ఏళ్లుంది. ఎస్టేట్ ఏజెంట్ తను చెప్పిన సొలిసిటర్‌నే (కొనుగోలు కాగితాలు చూసే లాయర్) పెట్టుకోమంటున్నాడు, లేకపోతే అమ్మేవాళ్లు ఇంకొకరికి ఇచ్చేస్తారట. నాన్నగారు గుంటూరు దగ్గర స్థలం అమ్మి డిపాజిట్‌కి కొంత డబ్బు పంపుతానంటున్నారు. నా పేరు మీద కూకట్‌పల్లిలో ఫ్లాట్ ఉంది, అద్దెకిచ్చాం. ఇక్కడ ఇదే మా మొదటి ఇల్లు కాబట్టి స్టాంప్ డ్యూటీలో ఫస్ట్ టైమ్ బయ్యర్ రాయితీ వస్తుంది కదా? సొలిసిటర్‌ని ఎలా ఎంచుకోవాలి?

జవాబు: ఏజెంట్ సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ కూకట్‌పల్లి ఫ్లాట్ గురించి మాట్లాడాలి. రాయితీ రాదండీ. ఫస్ట్ టైమ్ బయ్యర్ అంటే ఇంగ్లండ్‌లో మొదటిసారి కొనేవాళ్లు కాదు, ప్రపంచంలో ఎక్కడా ఎప్పుడూ సొంతిల్లు లేనివాళ్లు. అంతటితో అయిపోలేదు, ఇంకో ఇల్లు ఉండగా కొంటున్నారు కాబట్టి మామూలు స్టాంప్ డ్యూటీ మీద ఇంకో 5 శాతం అదనంగా కట్టాలి (2024 అక్టోబర్ 31 ముందు 3 శాతం ఉండేది). 4 లక్షల ఇంటికి ఫస్ట్ టైమ్ బయ్యర్ కట్టేది 5 వేల పౌండ్లు, మామూలుగా కొనేవాళ్లు కట్టేది 10 వేలు, మీరు కట్టాల్సింది 30 వేలు. ఈ లెక్క తెలియక డిపాజిట్‌కి సరిపడా డబ్బు పెట్టుకుని, కంప్లీషన్ (డబ్బంతా కట్టి ఇల్లు చేతికి తీసుకోవడం) వారంలో పాతిక వేలకి అప్పులకోసం తిరిగే మనవాళ్లు తక్కువేం కాదు.

"పోనీ, నా భార్య ఒక్కదాని పేరు మీద కొంటే?" అని అడుగుతారని తెలుసు. భార్యాభర్తలు కలిసి ఉంటున్నప్పుడు ఈ అదనపు డ్యూటీకి ఇద్దరినీ ఒకటిగానే చూస్తారు, కాబట్టి మీ ఫ్లాట్ ఆవిడ కొనుగోలుకీ తగులుతుంది. దారి ఉన్నది ఒక్కచోట: కంప్లీషన్ రోజు ముగిసేసరికి కూకట్‌పల్లి ఫ్లాట్ మీ ఇద్దరి చేతిలో లేకపోతే 5 శాతం ఉండదు. అప్పుడు ఇద్దరి పేరు మీదా కొంటే 10 వేలు, ఎక్కడా ఎప్పుడూ సొంతిల్లు లేని మీ భార్య ఒక్కరే కొంటే 5 వేలు. లోన్‌కి మీ జీతం కూడా కావాలంటే, అప్పులో ఇద్దరూ, ఇంటి పేరులో ఒకరే ఉండే మార్ట్‌గేజ్‌లు కొన్ని బ్యాంకులు ఇస్తాయి, బ్రోకర్‌ని అడగండి. ఎన్నారైగా మీరు అక్కడ అమ్మితే కొనేవాళ్లు టీడీఎస్ పట్టుకోవాలి, ఆ కాగితాలకి టైమ్ పడుతుంది, కాబట్టి అమ్మే ఉద్దేశం ఉంటే ఈ వారమే మొదలుపెట్టండి. నాన్నగారికి గిఫ్ట్ డీడ్ రిజిస్టర్ చేసినా పనికొస్తుంది, కానీ నిజంగా ఇచ్చేస్తేనే. పేరు ఆయనది, అద్దె మీ అకౌంట్‌లో అంటే అది ఉత్త నాటకం, హెచ్‌ఎంఆర్‌సీ (ఇక్కడి పన్నుల శాఖ) అడిగినరోజు జవాబు ఉండదు. తర్వాత అమ్మి రీఫండ్ తీసుకుందామనుకోకండి, ఆ వెసులుబాటు ఈమధ్య వరకు తాము ఉన్న ఇంటిని అమ్మేవాళ్లకే, అద్దెకిచ్చిన ఇంటికి కాదు.

ఇక సొలిసిటర్. ఇప్పుడు చాలా ఆఫీసులు తమ షరతుల లెటర్‌లోనే "స్టాంప్ డ్యూటీ మీద సలహా ఇవ్వం, ఫారం నింపడం వరకే" అని ఒక లైన్ రాసుకుంటున్నాయి. ఫారంలో తప్పు పడితే కట్టాల్సింది మీరే. కాబట్టి ఫోన్‌లో ఫీజు ఎంత అని అడిగే ముందే మూడు విషయాలు అడగండి: ఒకటి, ఇండియాలో ఫ్లాట్ ఉంది, డ్యూటీ ఎంతో రాసి ఇస్తారా; రెండు, ఇండియా నుంచి తండ్రి ఇచ్చే డబ్బు తీసుకుంటారా, ఏ కాగితాలు కావాలి; మూడు, నా ఫైలు రోజూ చూసేది ఎవరు. మూడోదానికి "మా టీమ్" అని జవాబొస్తే ఇంకొకరిని చూసుకోండి. మనిషి పేరు, డైరెక్ట్ నంబర్, లీవ్‌లో ఉంటే ఎవరు చూస్తారో చెప్పగలగాలి. సొలిసిటర్లయితే వాళ్ల నియంత్రణ సంస్థ ఎస్‌ఆర్‌ఏ రిజిస్టర్‌లో, లైసెన్స్‌డ్ కన్వేయన్సర్లయితే (ఇళ్ల కొనుగోలు, అమ్మకాల పనికే లైసెన్స్ ఉన్నవాళ్లు) వాళ్ల సంస్థ సీఎల్‌సీ రిజిస్టర్‌లో పేరుందో లేదో చూడండి, ఈ పనికి ఇద్దరూ సరిపోతారు. మీ బ్యాంకు ప్యానెల్‌లో (బ్యాంకు ఒప్పుకున్న లాయర్ల జాబితా) ఉండటం మాత్రం తప్పనిసరి, లేకపోతే బ్యాంకు తరఫున ఇంకో లాయర్, ఇంకో ఫీజు, ఇంకో నెల. సొలిసిటర్ ఆఫీసులు ఇళ్ల కొనుగోలు ఫీజు వెబ్‌సైట్‌లో పెట్టాలని 2018 నుంచి రూల్ ఉంది, కానీ పైన కనిపించే అంకె చూసి మురిసిపోవద్దు, లీజ్‌హోల్డ్‌కి ఇంత, గిఫ్ట్ డబ్బుకి ఇంత, బ్యాంక్ ట్రాన్స్‌ఫర్‌కి ఇంత అని కింద విడిగా ఉంటాయి. అన్నీ కలిపి రాసివ్వమనండి. తెలుగు మాట్లాడే సొలిసిటరే కావాలని పట్టుబట్టొద్దు.

ఏజెంట్ ఒత్తిడి సంగతి. తన దగ్గర సేవలు తీసుకోలేదని కొనేవాళ్ల పట్ల వివక్ష చూపడం ఏజెంట్లకి 1991 నుంచే నిషిద్ధం. వాళ్లు చెప్పిన సొలిసిటర్ దగ్గరికి వెళ్తే చాలాసార్లు ఏజెంట్‌కి రెఫరల్ ఫీజు ముడుతుంది, ఆ విషయం మీకు చెప్పి తీరాలి. "మీకు వచ్చే రెఫరల్ ఫీజు ఎంత? వేరే సొలిసిటర్‌ని పెట్టుకుంటే మా ఆఫర్ మీద ప్రభావం ఉంటుందా?" అని మెయిల్ పెట్టండి. నోటితో బెదిరించేవాళ్లు రాతలోకి వచ్చేసరికి మెత్తబడతారు. అయితే ఒకటి నిజం, ఎక్స్ఛేంజ్ (సంతకాలైన కాంట్రాక్ట్‌లు మార్చుకోవడం) అయ్యేదాకా ఇంగ్లండ్‌లో ఎవరూ ఎవరికీ కట్టుబడి లేరు, ఎక్కువ ఇచ్చేవాళ్లొస్తే అమ్మేవాళ్లు అటు వెళ్లొచ్చు. దానికి మందు వేగం ఒక్కటే, ఏజెంట్ చెప్పిన సొలిసిటర్ కాదు.

నాన్నగారి డబ్బు దగ్గర మొహమాటం లేకుండా రాస్తున్నాను. స్థలం 60 లక్షలకి అమ్మి, డీడ్‌లో 25 లక్షలు రాసి, మిగతాది క్యాష్‌గా తీసుకోవడం మన దగ్గర మామూలనుకుంటారు. ఇక్కడ సొలిసిటర్ ఆ సేల్ డీడ్ ఇంగ్లిష్ అనువాదం, నాన్నగారి బ్యాంక్ స్టేట్‌మెంట్లు పక్కపక్కన పెట్టుకుని చూస్తారు. డీడ్‌లో 25, మీకు పంపింది 50 అయితే మిగతా 25 ఎక్కడిదని అడుగుతారు. జవాబు నచ్చకపోతే ఫైలు ఆగుతుంది, అనుమానం వస్తే నేషనల్ క్రైమ్ ఏజెన్సీకి రిపోర్ట్ చేయాలి, చేశామని మీకు చెప్పడం కూడా వాళ్లకి నేరమే. అమ్మకం ఇంకా జరగలేదు కదా, నాన్నగారికి ఇప్పుడే ఫోన్ చేసి అసలు ధరే డీడ్‌లో రాయించమనండి, ప్రతి రూపాయీ బ్యాంకు ద్వారానే తీసుకోమనండి. ఆయన ఒక ఆర్థిక సంవత్సరంలో 2.5 లక్షల డాలర్ల వరకు ఎల్‌ఆర్‌ఎస్ (విదేశాలకి డబ్బు పంపే ఆర్‌బీఐ పథకం) కింద పంపొచ్చు, 10 లక్షల రూపాయలు దాటిన దాని మీద టీసీఎస్ (బ్యాంకు ముందే వసూలు చేసే పన్ను) పడుతుంది, దాన్ని రిటర్న్‌లో చూపించుకోవచ్చు. ఇది అప్పు కాదు, ఇంటి మీద నాకు హక్కు లేదు అని ఆయన సంతకంతో గిఫ్ట్ లెటర్ కూడా బ్యాంకు అడుగుతుంది.

84 ఏళ్ల లీజు చెడ్డదేం కాదు గానీ, 80 కిందికి జారితే పొడిగింపు ఖర్చు బాగా పెరుగుతుంది. 2024లో వచ్చిన లీజ్‌హోల్డ్ సంస్కరణల చట్టం ఈ అదనపు ఖర్చుని తీసేస్తుందంటున్నారు, ఆ సెక్షన్ అమల్లోకి వచ్చేదాకా దాన్ని నమ్ముకుని ధర ఒప్పుకోవద్దు. పొడిగింపు అడగాలంటే కొన్నాక రెండేళ్లు ఆగాలన్న పాత రూల్ 2025 జనవరి 31న పోయింది కాబట్టి కొన్న వెంటనే పొడిగింపు అడగొచ్చు, ఆ ఖర్చు ధరలో తగ్గించమని ఇప్పుడే బేరమాడండి. బిల్డింగ్ మేనేజ్‌మెంట్ ప్యాక్ (బిల్డింగ్ ఖర్చులు, రిపేర్ల వివరాల కట్ట) వారాల తరబడి రాదు, అమ్మేవాళ్ల చేత ఈరోజే ఆర్డర్ పెట్టించండి. అది వచ్చాక పైకప్పు, లిఫ్ట్ లాంటి పెద్ద రిపేర్లకి సెక్షన్ 20 నోటీసు (ఆ ఖర్చు గురించి ఫ్లాట్ ఓనర్లకి ముందే ఇచ్చేది) ఉందా అని చూడండి, ఉంటే ఆ బిల్లు ఎవరిదో కాంట్రాక్ట్‌లో రాయించాకే ఎక్స్ఛేంజ్.

డిపాజిట్ పంపే రోజు "మా బ్యాంక్ వివరాలు మారాయి" అని సొలిసిటర్ పేరుతో మెయిల్ వస్తే అది మోసమే అనుకోండి. మొదటి లెటర్‌లో ఉన్న నంబర్‌కి మీరే ఫోన్ చేసి, అకౌంట్ నంబర్ అవతలి మనిషి చేత చదివించుకుని, ఆ తర్వాతే పంపండి.