రెండో గిటార్ ఏది కొనాలని అడిగేవాళ్ళకి

కొత్తగా ఈ దేశాలకి వచ్చిన మనవాళ్ళు నన్ను వీసా గురించి, డ్రైవింగ్ లైసెన్స్ గురించి అడుగుతుంటారు. సంగీతం మీద ప్రేమ ఉన్నవాళ్ళు వాటితో పాటు ఇంకో ప్రశ్న కూడా వేస్తారు. "అక్కా, నా దగ్గర ఒక స్ట్రాటోకాస్టర్ ఉంది. ఇప్పుడు లెస్ పాల్ తీసుకోనా, టెలికాస్టర్ తీసుకోనా?" ఇవన్నీ ఎలక్ట్రిక్ గిటార్ల రకాలే. స్ట్రాటోకాస్టర్ (స్ట్రాట్), టెలికాస్టర్ (టెలీ) ఫెండర్ కంపెనీవి, లెస్ పాల్ గిబ్సన్ కంపెనీది. అందరికీ నేను చెప్పేది ఒకటే. ఇప్పుడేమీ తీసుకోకండి. ఉన్నదాన్నే పట్టుకుని కనీసం రెండేళ్ళు వాయించండి. అది మీ చేతికి నప్పదని గట్టిగా తేలితే అమ్మేసి వేరే రకం తెచ్చుకోండి. ఏ రకమైనా ఇంట్లో ఒక్కటే ఉండనివ్వండి.

వచ్చిన మొదటి నాలుగేళ్ళలో నేను ఆరు ఎలక్ట్రిక్ గిటార్లు కొన్నాను. చేతిలో జీతం ఉండేది, శని ఆదివారాలు పలకరించే మనిషి ఉండేది కాదు. రాత్రుళ్ళు ఫోన్‌లో గిటార్ల ఫోటోలు చూస్తూ కూర్చునేదాన్ని. కొత్త డబ్బా ఇంటికొచ్చిన రోజు పండగలా ఉండేది. రెండు వారాలు పోయాక అదీ గోడకి చేరేది. ఆ నాలుగేళ్ళలో నా వాయింపు ఒక్క మెట్టు కూడా ఎక్కలేదు. ఒక్కో గిటార్‌కి నెక్ (ఎడమ చెయ్యి పట్టుకునే మెడ) మందం వేరు, దాని మీద అడ్డంగా ఉండే లోహపు మెట్ల, అంటే ఫ్రెట్ల మధ్య దూరం వేరు. వేళ్ళు ఒకదానికి అలవాటు పడేలోపు చేతిలోకి ఇంకోటి వచ్చేది.

ఈ దూరం సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన కర్ణాటక సంగీతానికి గమకం, అంటే స్వరాన్ని జారుస్తూ ఊపుతూ పలికించడం, ముఖ్యం. ఫ్రెట్ల మధ్య దూరం తీగ పొడవుని బట్టి ఉంటుంది, ఆ పొడవునే స్కేల్ అంటారు. ఫెండర్ రకాల్లో నట్ (నెక్ పైకొసన తీగలు ఆనే పట్టీ) నుంచి బ్రిడ్జ్ (కింద చెక్క మీద తీగలు ఆనే లోహపు భాగం) వరకు తీగ పొడవు 25.5 అంగుళాలు. గిబ్సన్ లెస్ పాల్‌లో దాదాపు 24.75. తేడా ముప్పావు అంగుళమే, కానీ అవే తీగలు వేసి అదే శ్రుతిలో పెడితే పొట్టిదాని మీద బిగువు ఆరు శాతం దాకా తగ్గుతుంది. అంటే తీగని లాగి స్వరం పైకి తీసుకెళ్ళడానికి వేలు పెట్టాల్సిన బలం మారిపోతుంది. పొద్దున ఒకదాని మీద, సాయంత్రం ఇంకోదాని మీద సాధన చేస్తే, ఎంత లాగితే ఎక్కడికి చేరుతుందో వేలికి ఎప్పటికీ గుర్తుండదు. గమకానికి కావాల్సింది సరిగ్గా ఆ గుర్తే. మాండలిన్ శ్రీనివాస్ గారిని తలుచుకోండి. జంట తీగల మాండలిన్‌ని ఒంటి తీగలు ఐదుండే ఎలక్ట్రిక్ మాండలిన్‌గా మార్చుకుని, ఆ రూపం మీదే కర్ణాటక సంగీతం మొత్తం పలికించారు.

నేను చివరికి ఉంచుకున్నది టెలికాస్టర్. దానికి కారణం తెలిసిన రోజు నాకు బాగా గుర్తు. ఐదో తీగని ఖాళీగా మోగిస్తూ దాన్నే షడ్జమం అనుకున్నాను. మూడో తీగ మీద ఏడో ఫ్రెట్ దగ్గర మధ్యమం పట్టుకుని పంచమం దాకా లాగాను. అప్పుడు చేతిలో ఉన్నది స్ట్రాట్. దాని ట్రెమొలో బ్రిడ్జ్ (కదిలే రకం) వెనక స్ప్రింగ్‌ల మీద తేలుతూ ఉంటుంది. ఒక తీగని లాగితే బ్రిడ్జ్ కాస్త ముందుకి వంగి, మిగతా తీగలన్నీ వదులవుతాయి. పంచమం అందేసరికి కింద మోగుతున్న షడ్జమం జారిపోయింది. గోడ మీది టెలీ దించి అదే చేశాను. దాని బ్రిడ్జ్ స్క్రూలతో చెక్కకి బిగించి ఉంటుంది, కదలదు. శ్రుతి అలాగే నిలబడింది. ఆ రాత్రి రెండు గంటల దాకా అదే ఒక్క ప్రయోగం వాయించాను.

అలాగని స్ట్రాట్ ఉన్నవాళ్ళు టెలీ కొనమని కాదు. స్ట్రాట్ వెనక ప్లాస్టిక్ పలక తీస్తే, స్ప్రింగ్‌లు పట్టుకున్న లోహపు ముక్కకి రెండు పొడవాటి స్క్రూలు కనిపిస్తాయి. తీగలు కాస్త వదులు చేసి, ఆ స్క్రూలని కొంచెం కొంచెంగా బిగించి, మళ్ళీ శ్రుతి చేసి చూడండి. తీగ లాగినా బ్రిడ్జ్ చెక్క మీద నుంచి లేవనంత వరకు బిగిస్తే, అది కూడా కదలని బ్రిడ్జ్‌లాగే పనిచేస్తుంది. ఇది నాకు స్ట్రాట్ అమ్మేశాక తెలిసింది. రెండో గిటార్‌లో వెతికే గుణం చాలాసార్లు మొదటిదాంట్లోనే ఉంటుంది. దాన్ని విప్పి చూసే ఓపిక ఉండాలి.

శబ్దం విషయమూ అంతే. తీగ కదలికని విద్యుత్ సంకేతంగా మార్చే పికప్‌లో ఒకే తీగచుట్ట (సింగిల్ కాయిల్) ఉంటే అపార్ట్‌మెంట్‌లో కంప్యూటర్ పక్కన, డిమ్మర్ లైట్ కింద రొద పెడుతుంది. రెండు కాయిళ్ళు పరస్పరం ఆ రొదని కొట్టేసుకునేలా గిబ్సన్ ఇంజనీరు సెత్ లవర్ హమ్‌బకర్ అనే పికప్‌ని రూపొందించాడు. గిబ్సన్ తరఫున 1955లో పేటెంట్‌కి దరఖాస్తు చేశాడు, 1957 నుంచి అవి లెస్ పాల్‌లో వచ్చాయి. రొద భరించలేక చాలామంది హమ్‌బకర్ గిటార్ కొంటారు. ముందు కుర్చీలో కూర్చునే కాస్త పక్కకి తిరిగి చూడండి. ఒక దిక్కున రొద బాగా తగ్గిపోతుంది. ఈ కాలపు స్ట్రాట్‌లలో చాలావాటికి పికప్‌లు మార్చే స్విచ్ రెండో, నాలుగో స్థానాల్లో కూడా రొద పోతుంది. ఇక వాల్యూమ్ నాబ్‌ని పదిలోనే వదిలేయకండి. ఆంప్‌ని (శబ్దం పెంచే పెట్టెని) కొంచెం గరగరమనేలా పెట్టి, నాబ్‌ని చిటికెన వేలితో ఆరుకి దించితే స్వరం తేటపడుతుంది. పాట మధ్యలో ఆ వేలు తనంతట తాను అటు వెళ్ళేలా అలవాటు కావడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది.

పరాయి దేశంలో ఉన్నవాళ్ళకి ఇంకొన్ని చిక్కులున్నాయి. మనం ఇళ్ళు మారుతూనే ఉంటాం. అలా మారేటప్పుడు సామాను మోసే సంస్థవాళ్ళు నా లెస్ పాల్ కేస్‌ని పడేశారు. దాని హెడ్‌స్టాక్ (నెక్ చివర తీగలు చుట్టే తల) వెనక్కి వంగి ఉంటుంది, సరిగ్గా అక్కడే విరిగింది. కేస్ తెరిచినప్పుడు తల పక్కకి ఒరిగి, తీగలకి వేలాడుతూ ఉంది. ఏడ్చాను. టెలీ హెడ్‌స్టాక్ తిన్నగా ఉంటుంది. నెక్‌ని నాలుగు స్క్రూలతో బిగిస్తారు. విప్పి రెండు ముక్కలుగా పెట్టెలో సర్దుకోవచ్చు, పాడైతే నెక్ ఒక్కటే మార్చుకోవచ్చు. గిటార్ లోపలి పికప్‌లకి సాధారణంగా కరెంటు అక్కర్లేదు, ఏ దేశంలోనైనా పలుకుతాయి. ఆంప్ అలా కాదు. 120 వోల్టుల దేశంలో కొన్నదాన్ని 230 వోల్టుల దేశానికి తీసుకెళ్ళే ముందు వెనక ఏం రాసుందో చదవండి.

చలికాలంలో హీటర్ వేస్తే గాలి పొడిబారుతుంది, నెక్ చెక్క కుంచించుకుపోతుంది, లోహపు ఫ్రెట్లు మాత్రం అలాగే ఉంటాయి. నెక్ అంచు వెంట అరచెయ్యి జారిస్తే ఫ్రెట్ల చివరలు గుచ్చుకుంటాయి. తేమ 45 నుంచి 50 శాతం ఉండేలా ఒక్క గిటార్‌ని కాపాడుకోవచ్చు. ఆరింటిని కాపాడాలంటే అదో ఉద్యోగం.

పాత గిటార్ కొనేవాళ్ళు ఫింగర్‌బోర్డ్ (ఫ్రెట్లు అమర్చే పలక) ఏ చెక్కో అడగండి. 2017 జనవరి నుంచి రోజ్‌వుడ్ జాతులన్నిటికీ దేశాల మధ్య అమ్మకాల్లో పర్మిట్లు అవసరమయ్యాయి. పూర్తిగా తయారైన వాయిద్యాలకి 2019 నవంబర్‌లో సడలింపు ఇచ్చారు కానీ, బ్రెజిల్ రోజ్‌వుడ్‌కి అది వర్తించదు. మేపుల్ అయితే ఈ గొడవే లేదు.

రెండోది న్యాయంగా అవసరమయ్యే సందర్భాలు లేకపోలేదు. స్టేజీ మీద వాయిస్తూ తీగ తెగితే ఇంకోటి సిద్ధంగా ఉండాలి. ఒకే కచేరీలో రెండు వేరు శ్రుతులు కావాలంటే కూడా తప్పదు. అప్పుడు కూడా అదే రకం తీసుకోండి, వేళ్ళు తడబడకుండా.

మిగతా ఐదింటిలో నాలుగు అమ్మేశాను. విరిగిన లెస్ పాల్‌ని అతికించి, మా వీధిలోకి కొత్తగా వచ్చిన కుటుంబంలోని అమ్మాయికి ఇచ్చాను. ఆ పిల్ల దగ్గర వేరే గిటార్ లేదు. ఇప్పుడు ఆదివారాలు ఇద్దరం కలిసి వాయిస్తాం. తను శ్రుతి పట్టుకుంటుంది, నేను లాగుతాను. ఒక్కోసారి తనే లాగుతుంది, ఆ పొట్టి స్కేల్ మీద తన పంచమం నాకంటే నిక్కచ్చిగా పలుకుతుంది.