మ్యాప్ అంతా ఎరుపు రావడానికి కారణం

భూకంపంలో తడి ఇసుక నేల ద్రవంలా మారే (ద్రవీకరణ) ముప్పును చూపే మీ మ్యాప్ అంతా ఎర్రగా వచ్చిందన్నారు. నేల పరీక్షకు వేసిన ప్రతి బోరులో దొరికిన కనిష్ఠ భద్రతా గుణకంతోనే (నేల తట్టుకోగల బలానికీ భూకంపం కలిగించే ఒత్తిడికీ నిష్పత్తి) రంగు వేశారు, అందుకే ప్రాంతమంతా ఎర్రబడింది. 18 మీటర్ల లోతున పలుచటి ఇసుక పొర ఒక్కటి ద్రవీకరణ చెందినా పైన నేల దెబ్బతినకపోవచ్చు.

1. ఎస్‌పీటీ (బోరులో సుత్తి దెబ్బలతో నేల గట్టిదనాన్ని కొలిచే పరీక్ష) విలువలను పైభారానికి (పైనున్న మట్టి బరువుకు), సుత్తి శక్తికి, సన్నరేణువుల శాతానికి సరిదిద్దండి. నీటిమట్టం బోరు వేసిన రోజుది వద్దు. ఏడాదిలో అత్యంత పైకొచ్చే మట్టం తీసుకోండి.

2. చాలామంది వదిలేసేది ద్రవీకరణ సామర్థ్య సూచిక, అంటే ఎల్‌పీఐ. కనిష్ఠ గుణకానికి బదులు దీంతో రంగు వేయండి.
గుణకం 1 కన్నా తక్కువున్న ప్రతి పొరకూ: (1 − గుణకం) × (10 − 0.5 × లోతు) × పొర మందం. లోతు, మందం మీటర్లలో.
20 మీటర్ల వరకు కూడండి.
15 దాటితే ముప్పు చాలా ఎక్కువ, 5 లోపైతే తక్కువ.

3. పాత నదీపాయల విలువలను పక్కనున్న గట్టినేలలోకి సాగదీయకండి. భూస్వరూపాల వారీగా విడగొట్టాకే రంగులు వేయండి.