సందెవేళ ఏడుపు: చిట్టితల్లికి పెద్దమ్మ ఉత్తరం

చిట్టితల్లికి పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న రాత్రి నువ్వు ఫోన్ చేసినప్పుడు నీ మాటల కంటే పాప ఏడుపే ఎక్కువ వినిపించింది. ఆ ఏడుపులోనే "పెద్దమ్మా, నాకు పిల్లను పెంచడం చేతకావట్లేదు" అన్నావు చూడు, ఆ మాటకు నాకు తెల్లవార్లూ నిద్ర పట్టలేదు. ఫోన్లో చెబితే సగం వినపడదు. అందుకే కాగితం మీద రాసి, ఫొటోలు తీసి నీకు పంపమని మనవడికి ఇస్తున్నాను. పాలు పట్టేటప్పుడు కొంచెం కొంచెంగా చదువుకో.

ముందు ఒక లెక్క చెబుతాను. మీ పాపకు ఈరోజుకు నలభై రెండు రోజులు. అంటే ఆరు వారాలు నిండాయి. పసిపిల్లల ఏడుపు రెండు మూడు వారాల వయసు నుంచి పెరుగుతూ వచ్చి, సరిగ్గా ఈ ఆరో వారం దగ్గరే బాగా ముదురుతుంది. మూడు నాలుగు నెలలకల్లా తగ్గిపోతుంది. అదీ ఎక్కువగా పొద్దుగూకే వేళకే మొదలవుతుంది. నేను తెనాలి చుట్టుపక్కల పల్లెల్లో ముప్పై రెండేళ్లు ఏఎన్ఎంగా తిరిగాను. డాబా ఇంట్లోనూ చూశాను, పూరింట్లోనూ చూశాను, ముగ్గురు పిల్లలను పెంచిన తల్లి దగ్గరా చూశాను, తొలిచూలు తల్లి దగ్గరా చూశాను. ఆరు వారాల పిల్ల సాయంత్రం ఆరింటికి గుక్కపెట్టిందంటే అది తల్లి చేతకానితనం కాదమ్మా. ఆ వయసే అంత.

ఏడుపు మొదలవగానే నువ్వు ఏం చేస్తున్నావో ఫోన్లోనే నాకు అర్థమైంది. ఒక నిమిషం భుజాన వేసుకుంటావు, ఊరుకోదు. వెంటనే ఒళ్లో వేసుకుని ఊపుతావు. అదీ కాదని గిలక్కాయ తీస్తావు. టెన్షన్‌లో అందరమూ చేసే పనే ఇది. కానీ అన్ని మార్పులు పాపకు ఇంకా చిరాకు. ఒకటి మొదలుపెడితే కనీసం ఐదు నిమిషాలు అదే చెయ్యి.

అన్నిటికంటే ముందు ఆకలి చూడు. ఏడుపు దాకా వచ్చిందంటే ఆకలి ముదిరినట్టే. అంతకు ముందే పిల్ల పెదాలు చప్పరిస్తుంది, పిడికిలి నోటి దగ్గరికి తెచ్చుకుంటుంది, తల అటూ ఇటూ తిప్పి వెతుకుతుంది. అప్పుడే పట్టెయ్. సాయంత్రం పూట అరగంటకోసారి పాలు అడగడం ఈ వయసులో మామూలే. చాలా ఇళ్లలో ఇక్కడే కంగారుపడి "పాలు చాలట్లేదు" అని డబ్బా పాలు మొదలుపెడతారు. రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు తాగుతూ, ఆరుకు తగ్గకుండా గుడ్డలు తడుపుతూ, బరువు పెరుగుతుంటే నీ పాలు చాలుతున్నట్టే. మీ అత్తగారు ఏమన్నా సరే, ఈ లెక్క పట్టుకో. పాలు తాగాక భుజాన నిటారుగా వేసుకుని, వీపు మీద అరచేత్తో మెల్లగా నిమిరి త్రేన్పు తెప్పించు. పది నిమిషాలైనా రాకపోతే వదిలెయ్, దాని కోసం పిల్లను బాదకూడదు.

ఆకలి కాదంటే నిద్ర. ఈ వయసు పిల్ల ఒక గంట, మహా అయితే గంటన్నర మెలకువగా ఉండగలదు. అది దాటితే నిద్రపోలేక ఏడుస్తుంది. మనకు వింతగా ఉంటుంది గానీ, బాగా అలసిన పసిపిల్లకు నిద్రలోకి జారడం చేతకాదు. ఒకటే ఆవులింత, చూపు ఎటో నిలిచిపోవడం, నీ మొహం చూడకుండా పక్కకు తిప్పుకోవడం, కనుబొమలు ఎర్రబడటం, ఇవి కనిపిస్తే ఇక ఆడించకు. టీవీ కట్టెయ్, పెద్ద లైటు ఆర్పెయ్. చూడటానికి వచ్చినవాళ్లు చేతులు మార్చి ఎత్తుకుంటుంటే మొహమాటపడకుండా "నిద్రవేళైందండీ" అని తీసుకెళ్లిపో.

ఆకలీ కాదు, నిద్రా కాదు, ఏం చేసినా ఊరుకోవడం లేదు అంటే, ఒక్కసారి ఒంటి మీద నూలుపోగు లేకుండా బట్టలన్నీ విప్పి చూడు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, మా పెద్దాడికి రెండున్నర నెలలప్పుడు, 1984 డిసెంబరులో, రాత్రి పది నుంచి ఒకటే ఏడుపు. చలని ఉన్ని మేజోళ్లు తొడిగాను. మా అత్తగారు ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీశారు. పక్కింటావిడ గ్రైప్‌వాటర్ సీసా పట్టుకొచ్చింది. ఊరందరి పిల్లలకూ సూదులు వేసే నేను, నా పిల్లాడి దగ్గర బుర్ర పనిచేయక కూర్చున్నాను. తెల్లవారుజామున నాలుగింటికి తడిసిన గుడ్డలు మారుద్దామని మేజోడు లాగితే, ఎడమ కాలి చిటికెన వేలు నేరేడు పండు రంగులో ఉబ్బి ఉంది. మేజోడు లోపలి దారం పోగు ఒకటి ఊడి ఆ వేలికి రెండు చుట్లు చుట్టుకుంది. చర్మంలోకి దిగి కంటికి కూడా ఆనలేదు. సన్న కత్తెర మొనతో మెల్లగా లేపి తెంపాను. పది నిమిషాల్లో నిద్రపోయాడు. నేను మాత్రం ఆ వేలు మళ్లీ మామూలు రంగుకు వచ్చేదాకా దీపం దగ్గర పట్టుకు చూస్తూనే కూర్చున్నాను.

దారమే కానక్కరలేదు. పురిటి తర్వాత తల్లికి జుట్టు బాగా ఊడుతుంది, ఒక్క వెంట్రుక చాలు. కాలివేళ్లు, చేతివేళ్లు, మూత్రం పోసే చోటు, మెడ ముడతలు అన్నీ చూడు. చుట్టుకున్నది నీకు తేలిగ్గా రాకపోతే లాగకుండా వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు.

ఇప్పుడు నిద్రపుచ్చే సంగతి. పాపకు నిద్రలో చేతులు ఒక్కసారిగా విదిల్చినట్టై ఉలిక్కిపడుతోందని చెప్పావు. పుట్టిన పిల్లలందరికీ ఆ ఉలికిపాటు ఉంటుంది, నాలుగైదు నెలలకు పోతుంది. దానికి మన పెద్దవాళ్లు కనిపెట్టినదే పొత్తిళ్లలో చుట్టడం. మెత్తటి పాత నూలు గుడ్డతో చేతులను ఒంటికి ఆనించి చుట్టు. ఛాతీ దగ్గర నీ రెండు వేళ్లు దూరేంత సందు ఉండాలి. తుంటి నుంచి కింద వదులుగా ఉండాలి, కప్ప కాళ్లలా మడుచుకోగలగాలి. మా రోజుల్లో కాళ్లు సాగదీసి బిగించి కట్టేవాళ్లం, అది తుంటి కీళ్లకు మంచిది కాదు. బోర్లా పడాలని ప్రయత్నించడం మొదలుపెట్టిన రోజునుంచే చుట్టడం మానెయ్యాలి.

చుట్టాక ఛాతీకి ఆనించుకుని నడువు. హాల్లో ఆ మూల నుంచి ఈ మూలకు, ఆగకుండా, ఒకే వేగంతో. చెవి నీ గుండె మీద ఉండేలా పట్టుకుని గొంతు లోపలే "ళొళొళొ హాయీ" అను. పాట రాకపోయినా ఫర్వాలేదు, ఆ అదురు ఒంట్లోకి వెళ్లాలి. జోకొట్టడం కూడా ఒక పద్ధతిలో చెయ్యి. ఏడుపు జోరుగా ఉన్నప్పుడు పిరుదుల మీద కాస్త చురుగ్గా తట్టు, ఏడుపు తగ్గుతున్నకొద్దీ నీ చెయ్యి కూడా నెమ్మదించాలి. కడుపు ఉబ్బరంగా ఉంటే ముంజేతి మీద బోర్లా వేసుకో, పొట్ట నీ చేతికి ఆని, కాళ్లు అటొకటి ఇటొకటి వేలాడతాయి. ఇలా బోర్లా వేసుకోవడం చేతుల్లో ఉన్నప్పుడు మాత్రమే, నిద్రకు వెల్లకిలా పడుకోబెట్టాల్సిందే.

అసలు కష్టమంతా దించేటప్పుడు. "దించగానే లేచిపోతోంది పెద్దమ్మా" అని ఏడ్చావు కదా, ఇక్కడ నిదానం కావాలి. కళ్లు మూయగానే దించకు. అది ఇంకా మాగన్ను నిద్ర. రెప్పల కింద గుడ్లు కదులుతుంటాయి, పెదాలు నవ్వినట్టు అదురుతుంటాయి. 2022లో జపాన్‌లోని రికెన్ అనే పరిశోధన సంస్థవాళ్లు ఇదే చూశారు. ఏడ్చే పిల్లను ఐదు నిమిషాలు ఎత్తుకుని ఆగకుండా నడవాలి, నిద్రపోయాక ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు అలాగే పట్టుకుని కూర్చోవాలి, ఆ తర్వాత దించాలి అన్నారు. ఇంకో మాట కూడా చెప్పారు. పిల్ల కదిలేది వీపు పక్కకు తగిలినందుకు కాదట, తల్లి ఒంటి నుంచి విడిపోయే క్షణానికే గుండె వేగం పెరుగుతుందట. మా అమ్మ పిల్లను దించేటప్పుడు తానూ పక్క మీదకు వంగి, రొమ్ము ఆనించే ఉంచి, చివరికి చెయ్యి లాగేది. చదువు లేని మనిషి, ఎలా తెలుసుకుందో.

నిద్ర పట్టిందో లేదో చూడటానికి పాప చెయ్యి ఒక అంగుళం లేపి వదులు. తడిగుడ్డలా పడిపోతే పట్టినట్టే. పిడికిలి విప్పారి ఉంటుంది. అప్పుడు ముందు పిరుదులు, తర్వాత వీపు, ఆఖరున తల. తల కింద చెయ్యి తీశాక కూడా అరచెయ్యి పాప ఛాతీ మీద రెండు నిమిషాలు అలాగే ఉంచు. బరువు వెయ్యకు, వెచ్చదనం చాలు.

పరుపు గట్టిగా, సమంగా ఉండాలి. దిండు వద్దు. తల గుండ్రంగా రావాలని ఆవాల దిండు పంపుతామంటున్నారట, తీసుకుని బీరువాలో పెట్టు. దుప్పట్లు, బొమ్మలు పక్కన ఉండకూడదు. చీర ఉయ్యాల సంగతి నాకూ బాధే. నేనూ అందులోనే పెరిగాను, మిమ్మల్నీ అందులోనే ఊపాను. కానీ అందులో పిల్ల ఒంగిపోయి గడ్డం ఛాతీకి ఆనుతుంది, గుడ్డ ముక్కు మీదకు వస్తుంది. నువ్వు పక్కనే కూర్చుని ఊపుతున్నంతసేపే దాన్ని వాడు. నిద్ర పట్టాక సమంగా ఉన్న పక్క మీదకు మార్చు, రాత్రంతా అందులో వదలకు.

నోట్లో వేసేవాటి గురించి గట్టిగానే చెబుతున్నాను. ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప గుక్కెడు నీళ్లు కూడా అక్కరలేదు. డాక్టరు రాసిన మందు వేరే సంగతి. గ్రైప్‌వాటర్, ఆముదం వద్దు. వస కొమ్ము అరగదీసి నాకించడం వద్దే వద్దు, అది నాకించాక వాంతులతో నీరసించి నా దగ్గరికి వచ్చిన పిల్లలను చూశాను. ఏడాది నిండేదాకా తేనె చుక్క కూడా వెయ్యకూడదు, దానివల్ల పసిపిల్లలకు ప్రాణం మీదకు వచ్చే జబ్బు రావచ్చు. ముక్కులో, చెవిలో నూనె పొయ్యనివ్వకు. సాంబ్రాణి పొగ గదిలోకి రానివ్వకు. దిష్టి తీస్తామంటే తియ్యనీ, పెద్దవాళ్ల తృప్తి. మిరపకాయలు కాల్చేది మాత్రం పాపకు దూరంగా.

మూడు నెలల లోపు పిల్లకు 100.4 డిగ్రీలు గానీ, అంతకంటే ఎక్కువ గానీ జ్వరం ఉంటే తెల్లారేదాకా ఆగకు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లు. పాలు తాగడం మానేసినా, ఆకుపచ్చగా కక్కినా, విరేచనంలో రక్తం కనిపించినా, మాడు ఉబ్బినా, ఊపిరి తీస్తుంటే డొక్కలు లోపలికి పోతున్నా, ఏడుపు నీకు తెలిసిన ఏడుపులా కాక సన్నగా మూలిగినట్టు ఉన్నా అంతే. వెళ్లే దారి లేకపోతే 108కి ఫోన్ చెయ్.

ఇక నీ సంగతి. అన్నీ చేశావు, రెండు గంటలైంది, ఊరుకోలేదు, నీ చేతులు వణుకుతున్నాయి, కోపం తన్నుకొస్తోంది. అలాంటి క్షణం వస్తుంది తల్లీ, నాకూ వచ్చింది. అప్పుడు పాపను పక్క మీద వెల్లకిలా పడుకోబెట్టి, తలుపు దగ్గరగా వేసి, బాల్కనీలోకి వెళ్లిపో. మొహం కడుక్కో, మంచినీళ్లు తాగు. ఐదు, పది నిమిషాలు ఏడ్చినందుకు పిల్లకు ఏమీ కాదు. కోపంలో ఎత్తుకుని ఒక్కసారి గట్టిగా కుదిపితే మాత్రం ఆ లేత మెడ ఆగదు, తలలో రక్తం కారి ప్రాణానికే ముప్పు. ఈ ముక్క అల్లుడికి కూడా చదివి వినిపించు. రాత్రి పన్నెండు నుంచి మూడు దాకా పాపను ఎత్తుకునే వంతు తనకు ఇవ్వు. పాలు పట్టడం తప్ప మిగతావన్నీ మగవాళ్లకూ వస్తాయి, కొందరు పిల్లలు తండ్రి దగ్గరే తొందరగా నిద్రపోతారు.

పురుడైన మొదటి రెండు వారాలు ఊరికే కన్నీళ్లు రావడం మామూలే. నీకు ఆరు వారాలు దాటాయి. ఇప్పటికీ రోజూ ఏడుపు వస్తుంటే, పాప నిద్రపోయినా నీకు నిద్ర పట్టకపోతే, ఏదీ బాగాలేదనిపిస్తుంటే నాతో దాచకు. పురుడు పోసిన డాక్టరమ్మకు చెప్పు. ఆ మాట నోటికి రాకపోతే 14416కి ఫోన్ చెయ్, టెలి మానస్ అని ప్రభుత్వమే పెట్టింది, తెలుగులో మాట్లాడతారు. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

మీ అమ్మ మోకాళ్ల ఆపరేషన్ కుట్లు విప్పడం బుధవారం. అది కాగానే శుక్రవారం తెనాలిలో రైలెక్కుతున్నాను. నా పాత నూలు చీరలు రెండు చింపి, వేడినీళ్లలో ఉడకబెట్టి ఎండేశాను, ఎనిమిది పొత్తిళ్లు వచ్చాయి. అంచుల్లో పోగులు లేకుండా అన్నిటికీ మడిచి కుట్టు వేశాను. శుక్రవారం రాత్రి నుంచి పాప నా దగ్గర పడుకుంటుంది, పాలకు మాత్రం నిన్ను లేపుతాను.

మీ పెద్దమ్మ