బల్లకి హోల్స్ పెట్టకుండా వైజ్ ఎలా?

ప్రశ్న: నా పని బల్లకి వైజ్ (చెక్కని కదలకుండా బిగించి పట్టుకునే పనిముట్టు) లేదు, దానికి హోల్స్ కొట్టడం ఇష్టం లేదు. కావాల్సినప్పుడు బిగించి తర్వాత తీసేసేలా ఏదైనా సొంతంగా చేసుకోవచ్చా అండీ?

జవాబు: చక్కగా చేసుకోవచ్చండీ, దాన్ని మాక్సన్ వైజ్ అంటారు. టేకులాంటి గట్టి చెక్కలు రెండు, థ్రెడెడ్ రాడ్లు (పొడవునా మరలున్న కడ్డీలు) రెండు, నట్లు, వాషర్లు, అంతే సామాను. వెనక చెక్క 2 అంగుళాల మందం, 6 అంగుళాల ఎత్తు ఉంటే బాగుంటుంది, పైగా ముందుదానికన్నా రెండువైపులా 3, 4 అంగుళాలు పొడవుండాలి, ఎందుకంటే ఆ చివర్లనే క్లాంపులతో బల్లకి బిగిస్తాం.

అసలు జాగ్రత్త హోల్స్ దగ్గరండీ. రెండు చెక్కలూ కలిపి బిగించి ఒకేసారి డ్రిల్ చేయండి, విడివిడిగా చేస్తే రాడ్లు పట్టేస్తాయి. తర్వాత ముందు చెక్క హోల్స్‌ని పక్కలకి మాత్రం కొంచెం సాగదీయండి, అప్పుడు ఒకవైపు సన్నగా ఉన్న ముక్కని కూడా గట్టిగా పట్టుకుంటుంది, పైకీ కిందకీ సాగదీశారంటే మాత్రం చెక్క జారి వాలిపోతుంది. వెనక చెక్కలో నట్లు కదలకుండా కూర్చోబెట్టాలి.

బిగించేటప్పుడు ముందు చెక్క బల్ల అంచు దాటి బయటికి ఉండాలి, కోయాల్సిన పలక కిందకి దిగాలి కదా. లోపల తోలు అంటిస్తే పట్టు ఇంకా బాగుంటుంది. పని చేసే ఎత్తు పెరుగుతుంది కాబట్టి డవ్‌టెయిల్ (పావురం తోక ఆకారంలో ఉండే చెక్క అతుకు) కోసేటప్పుడు నడుం వంచక్కర్లేదు, నాకైతే అదే పెద్ద లాభం అనిపిస్తుంది. రందా పట్టడానికి మాత్రం ఇది వాడకండి.