నైట్ డ్యూటీ రేడియాలజిస్టుల అలసట: ఈఈజీ అంకె రోజుకోలా ఎందుకొస్తుంది?

తిరుపతిలో నైట్ డ్యూటీ రేడియాలజిస్టులకు ఈఈజీ (మెదడు విద్యుత్ తరంగాలను కొలిచే) హెడ్‌బ్యాండ్ పెట్టి చూస్తున్నామని, ఆ తరంగాల నుంచి తీసే అలసట అంకె ఒకే మనిషికి రోజుకోలా ఎందుకొస్తోందని మీరు అడిగారు.

ముందు బ్యాండు సంగతి. నుదుటి మీదే సెన్సర్లుంటే అందులో కళ్ల కదలికే బాగా పడుతుంది. మనకు కావలసిన తరంగాలు చాలావరకు 50 మైక్రోవోల్టుల లోపే. ఒక్క రెప్పపాటు 100 దాటేస్తుంది. పైగా దాని శక్తి, అలసటకు గుర్తుగా చూసే థీటా అనే నెమ్మది తరంగాల దాకా పాకుతుంది కాబట్టి, ఊరికే రెప్పలాడించే మనిషి కూడా అలసినట్టే కనిపిస్తాడు. ఎఫ్‌జెడ్ (తల నడిమి గీత మీద ముందు వైపు), పీజెడ్ (నడినెత్తికి వెనక), ఓజెడ్ (తల వెనక) అనే మూడు చోట్లా ఎలక్ట్రోడ్లున్న జెల్ క్యాప్ వాడండి.

మన దగ్గర అసలు ఇబ్బంది తలకు రాసుకునే కొబ్బరినూనె. పాయ తీసి, స్పిరిట్ దూదితో మాడు తుడిచి, ఆరాక జెల్ పెట్టండి. ఇంపిడెన్స్ (ఎలక్ట్రోడ్‌కూ చర్మానికీ మధ్య విద్యుత్ అడ్డు) 10 కిలోఓమ్‌ల లోపుకు దిగాలి. కొండమీద గుండు చేయించుకుని వచ్చినవాళ్లకు ఈ పని సగం తగ్గుతుంది. ఎండాకాలంలో ఏసీ తప్పనిసరి: చెమటతో గీత మెల్లగా పైకీ కిందికీ జారితే 1–40 హెర్ట్జ్ ఫిల్టరు సరిచేస్తుంది గానీ, పక్కపక్క ఎలక్ట్రోడ్ల జెల్ కలిసిపోతే ఏ ఫిల్టరూ కాపాడదు. ల్యాప్‌టాప్ ఛార్జరు తీసేసి బ్యాటరీ మీదే నడపండి.

తర్వాత కళ్లు మూయించండి. ఓజెడ్‌లో ఆల్ఫా తరంగాలు (8–13 హెర్ట్జ్) ఠక్కున పెరగాలి. పెరగకపోతే క్యాప్ మళ్లీ సర్దండి. కొందరికి ఆల్ఫా పుట్టుకతోనే తక్కువన్నదీ గుర్తుంచుకోండి.

అన్నిటికన్నా పెద్ద చిక్కు ఇది. ఎఫ్‌జెడ్‌లో థీటా (4–8 హెర్ట్జ్) అలసటతో పెరుగుతుంది, గట్టిగా మనసుపెట్టి పనిచేసినా పెరుగుతుంది. కష్టమైన సీటీ చదువుతుండగా కొలిస్తే రెండూ కలిసిపోతాయి. మీ అంకె ఊగడానికి నా అనుమానం ముఖ్యంగా దీనిమీదే. అందుకే రిపోర్టింగ్ మధ్యలో కొలవొద్దు. డ్యూటీ ఎక్కేముందు కళ్లు తెరిచి 3 నిమిషాలు, మూసి 3 నిమిషాలు బేస్‌లైన్ (తర్వాతి కొలతలను పోల్చుకునే మొదటి కొలత) తీసుకుని, రెండేసి గంటలకు అదే కుర్చీలో, అదే వెలుతురులో మళ్లీ తీయండి. ప్రతిసారీ 10 నిమిషాల పీవీటీ (తెర మీద గుర్తు కనబడగానే బటన్ నొక్కే అప్రమత్తత పరీక్ష) పెట్టి, నొక్కడానికి 500 మిల్లీసెకన్లు దాటిన సందర్భాలు లెక్కించండి. కరోలిన్‌స్కా నిద్రమత్తు స్కేలు మీద 1 (పూర్తి మెలకువ) నుంచి 9 (తీవ్ర నిద్రమత్తు)లో ఒక అంకె అడగండి. థీటా, పీవీటీ, స్కేలు మూడూ ఒకే వైపు కదిలితేనే నమ్మండి. ఒకరి అంకెను ఇంకొకరితో పోల్చొద్దు.

సర్జన్ల జోలికి ఇప్పుడే వద్దు. కాటరీ (కరెంటుతో కణజాలాన్ని కోసే, రక్తం ఆపే పరికరం) నొక్కగానే సిగ్నల్ మొత్తం కొట్టుకుపోతుంది, హెడ్‌లైట్ పట్టీ ఎలక్ట్రోడ్లను నొక్కుతుంది.

ఎథిక్స్ కమిటీ అనుమతి, ఒక్కొక్కరి సంతకం ముందే తీసుకోండి. పేర్ల బదులు కోడ్ వేయండి, ఏ కోడ్ ఎవరిదన్న జాబితా డ్యూటీలు వేసేవాళ్ల చేతికి వెళ్లకూడదు. వెళ్తుందని తెలిస్తే స్కేలు మీద ఎవరూ నిజం చెప్పరు.