నాన్నగారికి బీపీ ఎక్కువుందంటున్నారు, ఆయనేమో మాత్ర వద్దంటున్నారు. ఏం చేయాలి?

క్లినిక్‌లో చూస్తే 160/100 వచ్చింది. ఇంట్లో మిషన్ మీద పై నంబరు ఒకపూట 132, ఇంకోపూట 150. తలనొప్పి లేదు, కళ్ళు తిరగడం లేదు. మాత్ర మొదలుపెడితే ఇక జీవితాంతం వదలదని నాన్నగారు మొండికేశారు. మీ ప్రశ్న ఇదే కదా. నేను డాక్టర్ని కాను. చెన్నై పెరంబూరులో మా మామగారి బీపీని, తర్వాత నా బీపీని చూసుకుంటూ వస్తున్నదాన్ని. ఆ అనుభవంతో చెప్తున్నాను. ముందు ఒక వారం పాటు ఇంట్లో పద్ధతిగా చూసి, రాసి, ఆ కాగితం డాక్టరుకు చూపించండి. నాన్నగారికి ఒంట్లో బాగుందా లేదా అన్నది దీనికి కొలమానం కాదు.

మా మామగారు ఐసీఎఫ్‌లో, అంటే రైలు పెట్టెలు తయారుచేసే ఫ్యాక్టరీలో, పనిచేసి రిటైరయ్యారు. ‘నాకేంటి, గుండ్రాయిలా ఉన్నాను’ అనేవారు. శుక్లాల ఆపరేషన్‌కని వెళ్తే అక్కడ బీపీ చూసి, అది అదుపులోకి వచ్చాకే చేస్తామని వాయిదా వేశారు. కంటి లోపలి రక్తనాళాలు చూసిన డాక్టరమ్మ, ఇది నిన్నమొన్న వచ్చిన బీపీ కాదని కూడా చెప్పింది. ఆయనకు ఏనాడూ తలనొప్పి లేదు మరి. బీపీ ఎక్కువగా ఉన్నవాళ్ళలో చాలామందికి ఏమీ తెలియదు. తెలియకుండానే అది గుండె మీద, కిడ్నీల మీద, మెదడులోని రక్తనాళాల మీద పనిచేసుకుంటూ పోతుంది.

ఇక మిషన్ సంగతి. ఒకపూట 132, ఇంకోపూట 150 అన్నారు కదా, మిషన్‌ను తిట్టుకోకముందు నాన్నగారు ఎలా చూసుకుంటున్నారో ఓసారి పక్కన నిలబడి గమనించండి. మా మామగారి తీరు ఇది: అప్పుడే ఫిల్టర్ కాఫీ తాగి, దివాన్ మీద కాలు మీద కాలేసుకుని, చొక్కా చెయ్యి బిగుతుగా పైకి మడిచి, టీవీలో వార్తలు చూస్తూ, మా అత్తయ్యగారితో వాదిస్తూ బటన్ నొక్కేవారు. పట్టీ కట్టిన చెయ్యేమో కిందికి వేలాడుతుండేది. వీటిలో ప్రతి ఒక్కటీ నంబరును తారుమారు చేసేదే. మాట్లాడుతూ చూసుకుంటే పది పాయింట్ల దాకా పెరగొచ్చు, చెయ్యి గుండె కంటే కిందికి ఉంటే మళ్ళీ అంతే. ఆపుకున్న మూత్రం కూడా బీపీని పెంచుతుందంటే మామగారు నమ్మలేదు, నిజమే అది.

కాఫీ, సిగరెట్, నడక అయ్యాక అరగంట ఆగాలి. బాత్రూమ్‌కి వెళ్ళొచ్చి, వెనక ఆనుకునే కుర్చీలో పాదాలు రెండూ నేలకు ఆనించి ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. చెయ్యిని టేబుల్ మీద పెట్టి, పట్టీ గుండె ఎత్తుకు వచ్చేలా చూసుకోవాలి, పట్టీని చర్మం మీదే కట్టాలి. నిమిషం గ్యాప్‌తో రెండుసార్లు చూసి రెండూ రాయండి. పొద్దున మాత్రకు ముందు ఒకసారి, రాత్రి ఒకసారి. అలా వారం చూసి, మొదటి రోజువి వదిలేసి మిగతావాటికి సగటు కట్టండి. మొదటిసారి మాత్రం రెండు చేతులకూ చూసి, ఎక్కువ వచ్చిన చేతికే తర్వాత చూస్తుండండి. మణికట్టుకు కట్టే మిషన్లు కొనకండి. నాన్నగారి చెయ్యి లావైతే పెట్టెలో వచ్చే మామూలు పట్టీ చాలకపోవచ్చు. చిన్న పట్టీ లేని బీపీని కూడా చూపిస్తుంది, పెద్దది విడిగా దొరుకుతుంది.

ఇంటి సగటు 135/85 లేదా ఆపైన ఉంటే బీపీ ఉన్నట్టే. క్లినిక్‌లో అయితే ఆ గీత 140/90. అమెరికాలోని గుండె వైద్యుల సంఘాలు 2017లో దాన్ని 130/80కి దించాయి, నెట్‌లో తలో నంబరు కనిపించడానికి కారణం అదే. మీ డాక్టరు దేన్ని పాటిస్తారో అడగండి. తెల్లకోటు చూడగానే టెన్షన్‌తో పెరిగి, ఇంట్లో మామూలుగా ఉండేవాళ్ళు ఉన్నారు. క్లినిక్‌లో బాగుండి ఇంట్లో ఎక్కువుండేవాళ్ళూ ఉన్నారు. అందుకే ఆ వారం లెక్క కావాలి. అంతేగానీ మాత్రను వాయిదా వేయడానికి నాన్నగారు దాన్ని సాకు చేసుకోకూడదు. ఎప్పుడైనా పైది 180 గానీ, కిందిది 120 గానీ దాటితే ఐదు నిమిషాలు ఆగి మళ్ళీ చూడండి. దిగకపోతే ఆ రోజే డాక్టరుతో మాట్లాడండి. దాంతోపాటు ఛాతీలో నొప్పి, ఆయాసం, మాట తడబడటం, మూతి వంకర పోవడం, ఒక చెయ్యి పడిపోవడం, వీటిలో ఏదున్నా 108కి ఫోన్ చేయండి. నాలుక కింద మాత్ర పెట్టి చూద్దామనే సొంతవైద్యం వద్దు.

‘జీవితాంతం మాత్ర’ అన్న భయానికి నా జవాబు: మాత్రకు అలవాటు పడేదేమీ లేదు. వేసుకున్నన్నాళ్ళు పనిచేస్తుంది, మానేస్తే బీపీ మళ్ళీ వస్తుంది. బరువు తగ్గి, ఉప్పు తగ్గించి, నడక పెట్టుకున్నాక డాక్టర్లు డోసు తగ్గించినవాళ్ళు ఉన్నారు, నా డోసు సగమైంది. కానీ నంబరు బాగుందని మనంతట మనమే మానేయకూడదు, ఆ బాగు మాత్ర వల్ల వచ్చింది కాబట్టి. ఒక మాత్ర పడకపోతే ఇంకోటి ఉంటుంది. ఆమ్లోడిపిన్‌తో కొందరికి చీలమండల దగ్గర వాపు వస్తుంది, మామగారికి వచ్చింది. డాక్టరు టెల్మిసార్టాన్‌కు మార్చారు, వాపు పోయింది. రామిప్రిల్, ఎనలాప్రిల్ రకంతో పొడిదగ్గు రావచ్చు. మందు మొదలుపెట్టేటప్పుడు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, పొటాషియం, మూత్రంలో ప్రొటీన్, షుగర్, ఈసీజీ చూడమని మీరే అడగండి.

ఉప్పు దగ్గర మాత్రం మన ఇళ్ళలో అసలు పంచాయితీ. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు ఐదు గ్రాముల లోపు అంటుంది, అంటే అన్నీ కలిపి దాదాపు ఒక టీస్పూను. నెల్లూరు మనిషికి చెప్పి చూడండి! పప్పులో, పులుసులో ఉప్పు తగ్గించడం మంచిదే, కానీ అంతటితో సరిపోదు. మా కంచంలో ఎక్కడుందో వెతికితే ఆవకాయలో, అప్పడాల్లో, పెరుగన్నంలోకి నంజుకునే ఊరమిరపకాయల్లో, ఎండుచేపల్లో దొరికింది. సాయంత్రం టీతో తినే మిక్స్చరు సరేసరి. మామగారితో బేరమాడి ఆవకాయను ఆదివారానికి కుదించాం, ఊరమిరపకాయలు పూర్తిగా మానేశారు, అప్పడం మీద మాత్రం ఇప్పటికీ గొడవే. ‘లో సోడియం ఉప్పు’ కొందామనుకుంటే ఆగండి. అందులో పొటాషియం ఉంటుంది. కిడ్నీ సమస్య ఉన్నా, టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటివి వాడుతున్నా డాక్టరును అడగకుండా వాడకూడదు.

నాన్నగారు మోకాళ్ళ నొప్పులకు మెడికల్ షాపులో అడిగి మాత్రలు తెచ్చుకుంటారా? డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి బీపీని పెంచుతాయి, బీపీ మందు పనిని తగ్గిస్తాయి, కిడ్నీలకూ మంచివి కావు. గట్టిగా గురకపెట్టి, మధ్యమధ్య ఊపిరి ఆగినట్టై ఉలిక్కిపడి లేస్తుంటే అది కూడా డాక్టరుకు చెప్పండి. నిద్రలో ఊపిరి అందకపోవడం బీపీ లొంగకపోవడానికి ఒక కారణం.

చెన్నై ఎండల గురించి ఒక మాట. మే నెలలో అగ్ని నక్షత్రం అనే మండుటెండల రోజుల్లో మామూలుగానే బీపీ కాస్త దిగుతుంది. దానికి తోడు క్లోర్‌థాలిడోన్, హైడ్రోక్లోరోథయజైడ్ లాంటి నీరు తీసే మందు వేసుకుంటుంటే, కూర్చున్నవాళ్ళు గబుక్కున లేచినప్పుడు కళ్ళు బైర్లు కమ్మవచ్చు. నాకు మార్కెట్లో కూరలు కొంటుంటే అలాగే అయింది. అప్పుడు నిలబడి కూడా బీపీ చూసి, ఆ నంబరు డాక్టరుకు చెప్పాలి, డోసు మార్చేది ఆయనే.

మందుల ఖర్చుకు వెనకాడనక్కర్లేదు. కార్పొరేషన్ వాళ్ళ పట్టణ ఆరోగ్య కేంద్రాల్లో బీపీ చూసి మాత్రలు ఉచితంగా ఇస్తారు. తమిళనాడు ప్రభుత్వం 2021 ఆగస్టులో మొదలుపెట్టిన ‘మక్కళై తేడి మరుత్తువమ్’ కింద ఇంటికే వచ్చి బీపీ, షుగర్ మందులు ఇచ్చే ఏర్పాటు కూడా ఉంది. వాళ్ళిచ్చేది వేరే రంగు మాత్రైతే కంగారు పడకుండా స్ట్రిప్ మీద మందు పేరు, మిల్లీగ్రాములు చీటీతో సరిచూసుకోండి. జన్ ఔషధి షాపుల్లో కూడా ఇవే మందులు చవగ్గా వస్తాయి, చీటీ పట్టుకెళ్తే చాలు.